అద్దానికి అంటుకున్న అక్షరాలు

“మీ బావగారంటే మీకు అసూయ లేదా?”

లాకప్‌లో సిమెంటు దిమ్మ మీద కూర్చున్న మనిషి తలెత్తి నన్ను చూసి నవ్వాడు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు, గోళ్ళ కింద గ్రీజు, టెస్టర్ గుచ్చుకుని చిల్లుపడ్డ చొక్కా జేబు. ఇంటింటికీ తిరిగి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మెకానిక్ అతను.

“అసూయెందుకు మేడమ్? ఆయన దాచుకున్నాడు, నేను అమ్ముకున్నాను. ఎవరి రాత వాళ్ళది.”

“నిన్న మధ్యాహ్నం ఆ ఇంట్లో ఏం చేశారు?”

“మిక్సీ బాగుచేశాను. అక్క టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.”

“ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డారట?”

“ఆ ఇంటికెళ్ళిన వాళ్ళెవరైనా నిలబడాల్సిందే. బావ నిలబెడతాడు.”

“మీ స్క్రూడ్రైవర్ ఆ గోడ కిందే దొరికింది.”

“మర్చిపోయుంటాను.”

“సరే, మీరు తియ్యలేదు. మరి ఎవరు తీసుంటారు?”

అంతవరకూ టకటకా జవాబిచ్చినవాడు ఒక్కసారిగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. “నన్నడక్కండి” అన్నాడు. ఎంత గుచ్చి అడిగినా మళ్ళీ నోరు విప్పలేదు. తనని రక్షించుకోవడానికి ఒక్క మాట కూడా ఖర్చుపెట్టని నిందితుణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇలాంటివాళ్ళు ఎవర్నో వెనకేసుకొస్తుంటారు.

కేసు చిన్నదే, చుట్టూ జరుగుతున్న గోలే పెద్దది. కంప్యూటర్లు చేసి వేల కోట్లు గడించిన ఒక చైర్మన్ ఈమధ్యే కన్నుమూశాడు. ఆయన మొదట్లో ఒక సైకిలు షాపు పైన రెండు గదుల్లో కంపెనీ పెట్టాడు. జీతాలివ్వడానికి చేతిలో డబ్బుల్లేక, పనిచేసినవాళ్ళకి షేర్లు రాసిచ్చాడు. అలా తీసుకున్నవాళ్ళలో ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు: లెక్కలు చూసిన పెద్దాయన, వైర్లు బిగించిన ఆయన బావమరిది. బావమరిది తన షేర్లు అమ్మేసి స్కూటర్ కొనుక్కున్నాడు. ఇవాళ ఆ షేర్లుంటే స్కూటర్లు చేసే కంపెనీనే కొనేవాడని బంధువులందరికీ ఒక జోకు. అతన్ని పిల్లలు కూడా స్కూటర్ మామయ్య అనే పిలుస్తారు. పెద్దాయన మాత్రం తన షేరు కాగితానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు.

చైర్మన్ తన వీలునామాలో ఒక కోరిక రాసిపెట్టాడు. ఆ తొలిరోజుల కాగితాల్ని అమ్ముకోకుండా దాచుకున్నవాళ్ళని పిలిచి గౌరవించాలట, ఆ కాగితాల్ని తన స్మారక భవనంలో పెట్టాలట. ట్రస్టువాళ్ళు రేపొచ్చి చూస్తామని పెద్దాయనకి కబురు చేశారు. నిన్న సాయంత్రానికి ఫ్రేములోంచి కాగితం మాయమైంది.

నన్ను పెట్టుకున్నది పెద్దాయన భార్య. అంటే లాకప్‌లో ఉన్నవాడికి సొంత అక్క. “వాడు తెలివితక్కువవాడే కావచ్చు గానీ దొంగ మాత్రం కాడమ్మా” అంది ఫోన్లో. మధ్యాహ్నం అతన్ని కోర్టుకి తీసుకెళ్తారు. గేటు దగ్గర టీవీవాళ్ళు కెమెరాలు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. ఆ మొహం ఒక్కసారి తెరమీద పడిందంటే ఇక ఏ ఇల్లాలూ అతన్ని గడప తొక్కనివ్వదు. నాలుగిళ్ళు తిరిగి బతికేవాడికి పేరే ఆస్తి.

వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. నేను పోలీసు ఉద్యోగం మానేసి సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నప్పటినుంచీ ఆయనకి నేనంటే గిట్టదు.

“ఏంటమ్మా మైక్రోస్కోపూ, దొంగనే క్లూలు అడుక్కుంటున్నావా?”

“మీ దగ్గర లేవుగా సార్, ఎక్కడో ఒకచోట అడుక్కోవాలి.”

“లేకేం? స్క్రూడ్రైవర్ వాడిది. అక్కసు వాడిది. మధ్యాహ్నం ఇంటికొచ్చింది వాడు. ఇంకేం కావాలి?”

“అతను వెళ్ళిపోయాక ఫ్రేము అద్దం తుడిచానని వాళ్ళక్క చెప్పింది. అప్పుడు కాగితం అందులోనే ఉందట.”

“తమ్ముడి కోసం అక్క అబద్ధం చెప్పదా?”

“చెబుతుంది. అది పక్కన పెడదాం. ఆ కాగితం మీద పెద్దాయన పేరుంటుంది. ఎత్తుకెళ్ళినవాడు దాన్ని ఎక్కడ అమ్ముకుంటాడు?”

“అమ్ముకోవడానికే తియ్యాలా? కుళ్ళు పట్టలేక చింపి పారేసుంటాడు.”

“చింపితే మాత్రం పెద్దాయనకి పోయేదేముంది? కంపెనీకి రాస్తే ఇంకో కాగితం ఇస్తుంది. ఎవరి పేరున ఎన్ని షేర్లున్నాయో వాళ్ళ దగ్గర ఉంటుందిగా. మరి ఆయన రాశాడా?”

ఇన్‌స్పెక్టర్ బెల్టు సర్దుకున్నాడు. “షాక్‌లో ఉన్నాడు పాపం.”

“మీకు ఫిర్యాదు ఇవ్వడానికి షాక్ అడ్డురాలేదా?”

“ఫిర్యాదిచ్చింది కొడుకు.”

“అదీ సంగతి” అన్నాను.

“ఏది సంగతి? ఇదిగో, భోజనాలవగానే వాణ్ణి బండెక్కిస్తున్నా. టీవీవాళ్ళకి టైము కూడా చెప్పేశాను. ఈలోపు నువ్వేం చేస్తావో చేసుకో.” బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

పెద్దాయన ఇంట్లో తలుపు తీసింది ఆవిడే. మొహం కడుక్కున్నట్టుంది గానీ ఏడుపు పోలేదు. కొడుకు హాల్లో రెండు చేతుల్లో రెండు ఫోన్లతో పచార్లు చేస్తున్నాడు. షేరు ధర టీవీలో విన్నరోజే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పడేశాడని ఆవిడ నా చెవిలో చెప్పింది.

“కంపెనీకి ఒక్క ఉత్తరం రాద్దామంటే నాన్న ఒప్పుకోవట్లేదు మేడమ్” అన్నాడు కొడుకు విసుగ్గా. “ఒంట్లో బాగోలేదు, తర్వాత చూద్దాం అంటారు. ఇక్కడ నా ప్రాణం పోతోంది!”

“ఫ్రేము ఎక్కడ ఉండేది?”

ఆవిడ చూపించింది. హాల్లో కాదు, వంటింటికి వెళ్ళే ఇరుకు దారిలో. పట్టపగలే లైటు వేస్తే గానీ గోడ కనిపించలేదు.

“ఇంత గొప్ప కాగితాన్ని ఇంత చీకట్లో పెట్టారేంటి?”

“మొదట్లో హాల్లోనే ఉండేదమ్మా, కిటికీ ఎదురుగా. ఎండకి రంగు పోతోందని ఆయనే ఇక్కడికి మార్చారు. ఎవరొచ్చినా ఇక్కడికి తీసుకొచ్చి, ఓ క్షణం లైటు వేసి చూపించి ఆర్పేసేవారు.”

“నిన్న మీ తమ్ముడు వెళ్ళాక?”

“తలుపు గడియ పెట్టాను. అద్దం తుడిచాను. కాసేపు నడుం వాల్చాను. మా అబ్బాయి వచ్చి తలుపు కొడితే లేచి గడియ తీశాను. వాడే ముందు చూశాడు, కాగితం లేదని.”

“అప్పటిదాకా ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఇంకెవరు? నేనూ, ఆయనా.” ఆ మాట అనేసి ఆవిడ అక్కడే ఆగిపోయింది. నేను ఆవిడ వైపు చూడలేదు. చూస్తే ఆవిడకి నా అనుమానం తెలిసిపోతుంది.

ఖాళీ ఫ్రేము భోజనాల బల్ల మీదుంది. వెనక అట్ట చెక్కుచెదరలేదు. అట్టని పట్టుకునే సన్నటి మేకులు మాత్రం లేవు.

“ఇవేనా మేకులు?” పక్కన సాసర్లో పేర్చినట్టు ఉన్నవాటిని చూపించాను. ఒక్కటీ వంగలేదు.

“అవును. షోకేసు మీద సాసర్లో ఉన్నాయి. ఆయన గుండుసూది కూడా పారెయ్యనివ్వరు. లెక్కల ఆఫీసు అలవాటు. ఏ కాగితంలోంచి సూది తీసినా ఆ సాసర్లోనే…”

ఆవిడ చెయ్యి నోటిమీదకి వెళ్ళింది. ఇంక ఆ ఇల్లాలితో మాట్లాడాలంటే నాకు మొహం చెల్లలేదు. తమ్ముణ్ణి కాపాడమని పిలిచిన మనిషి చేత మొగుణ్ణి పట్టిస్తున్నాను.

అద్దం తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బయటివైపు తళతళలాడుతోంది. లోపలివైపు, సరిగ్గా కాగితం ఆనుకుని ఉండేచోట, సన్నటి నల్లటి మచ్చలు. ఏటవాలుగా పట్టుకుంటే అవి అక్షరాలయ్యాయి, తిరగేసి రాసిన అక్షరాలు. గోటితో గీకాను. నల్లటి పొడి రాలింది. నా ఆఫీసులో లైసెన్సు జిరాక్సుకి ఫ్రేము కట్టించి రెండు ఎండాకాలాలు గోడకి ఉంచాను. తీస్తే సగం అక్షరాలు అద్దంతోపాటే వచ్చాయి. జిరాక్సు నలుపు కాగితం పైపైనే ఉంటుంది, వేడికి మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. ప్రెస్సులో అచ్చేసిన సిరా కాగితంలోకి ఇంకిపోతుంది, ఇలా ఊడిరాదు.

అద్దాన్ని తువ్వాలులో చుట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళి తలుపు వేశాను.

ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు. మంచం అంచున కూర్చుని కిటికీలోకి చూస్తున్నాడు.

“పాపం, పెద్ద నష్టమే జరిగింది” అన్నాను.

“అంతా ప్రాప్తం.”

“ఇన్నేళ్ళూ డివిడెండు ఏ బ్యాంకులో పడేదండీ?”

“ఆ కంపెనీ చాలాకాలం డివిడెండు ఇవ్వలేదమ్మా” అన్నాడు తడుముకోకుండా. ఎంతైనా లెక్కల మనిషి.

“తర్వాత ఇచ్చిందిగా.”

“అవి… మళ్ళీ షేర్లలోనే పెట్టేశాను.”

“అయితే ఇంకా మంచిది! ఆ కొత్త షేర్ల కాగితాలున్నాయి కదా, అవి చూపించండి.”

ఆయన దుప్పటి ముడత సరిచేశాడు.

“మీ బావమరిదే తీశాడంటారా?”

“నేను అలా అనలేదు.”

“కాదనీ అనలేదుగా! స్క్రూడ్రైవర్ చూపిస్తే మాత్రం వాడిదేనన్నారు.”

“వాడిదే కాబట్టి…”

తువ్వాలు విప్పి అద్దాన్ని ఆయన ఒళ్ళో పెట్టాను. “మేకులు సాసర్లో దాచారు, అట్ట జాగ్రత్తగా పెట్టారు. అద్దం లోపలివైపు తుడవడం మర్చిపోయారు. మీ పేరు తిరగేసి ఉంది, చదువుకోండి.”

ఆయన చదవలేదు. అద్దాన్ని బోర్లించి రెండు చేతులతో కప్పేశాడు. కాసేపటికి మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

“నెల తిరిగేసరికి జీతాలకి డబ్బుల్లేవమ్మా ఆ కంపెనీలో. లెక్కలు చూసేది నేనే కదా, నాకు తెలుసు. ఇవాళో రేపో తాళం వేస్తారనుకున్నాను. చేతిలో ఉన్న కాగితం బ్రోకరుకి ఇచ్చేసి వచ్చిందే చాలని తీసుకున్నాను. ఇచ్చేముందు రంగు జిరాక్సు తీయించాను, మా ఆవిడ అడిగితే చూపించడానికి. ఆ ఫ్రేముకి కూడా ఆ డబ్బుల్లోంచే ఇచ్చాను.”

“తర్వాతైనా చెప్పాల్సింది.”

“రేటు పెరిగిన ప్రతిసారీ చెబుదామనే అనుకున్నాను. పెరిగినకొద్దీ నోరు రాలేదు. ఈలోగా వాడూ అమ్మాడు. వాడు ఆ సంగతి దాచలేదు, స్కూటరేసుకుని మా గుమ్మంలోకే వచ్చాడు. అందరూ నవ్వారు.” ఆయన చూపు ఒళ్ళోని అద్దం మీదికి జారింది. “నేనూ నవ్వాను.”

“నవ్వడమేంటి, స్కూటర్ అని పేరు పెట్టింది మీరే అట కదా.”

“వాణ్ణి చూసి నవ్వుతున్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు కదమ్మా.”

నాకు ఆ మనిషిని తిట్టాలనిపించింది. వయసు చూసి ఊరుకున్నాను. “జిరాక్సు ఏది?”

“బాత్రూంలో కాల్చేశాను. ట్రస్టువాళ్ళు ముట్టుకుంటే తెలిసిపోతుంది. పోయిందని చెబితే నాలుగురోజులు ఏడ్చి ఊరుకుంటారనుకున్నాను. మా అబ్బాయి పరిగెత్తుకెళ్ళి పోలీసుల్ని తెస్తాడని అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.”

“మీరు ఇక్కడ మంచం మీద చస్తున్నారు. ఆయన అక్కడ లాకప్‌లో చస్తున్నాడు.”

“మీరే ఏదో ఒకటి చెప్పి విడిపించండి. నా పేరు రాకుండా. మా ఆవిడకి తెలియకుండా.” చేతులు జోడించాడు.

“కుదరదండీ. నేను చెబితే ఇన్‌స్పెక్టర్ అద్దాన్ని బల్ల సొరుగులో పడేసి రేపు చూద్దాంలే అంటాడు. ఈలోపు మీ బావమరిది మొహం టీవీలో పడిపోతుంది. మీ నోటితో మీరే చెప్పాలి. బండి బయల్దేరకముందే.”

ఆయన మంచం అంచు వదల్లేదు. నేను ఇక లేపి లాక్కెళ్ళాల్సిందే అనుకుంటుండగా లేచి, విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకుని, తలుపు తీశాడు. బయట గోడకి ఆనుకుని భార్య నిలబడి ఉంది. “స్టేషన్‌కి వెళ్దాం. నువ్వూ రా” అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా. కొడుకు ఏమైంది ఏమైందంటూ వెంటపడ్డాడు.

మేము వెళ్ళేసరికి జీపు స్టార్టయి ఉంది. స్కూటర్ మామయ్యని మెట్లు దింపుతున్నారు. తలమీద తువ్వాలు కప్పుకోమని కానిస్టేబుల్ ఇస్తుంటే వద్దంటున్నాడు. గేటు బయట కెమెరాలు పైకి లేచాయి.

“ఆపండి సార్!” అరిచాను.

“అడ్డు తప్పుకోమ్మా మైక్రోస్కోపూ, కోర్టు టైమవుతోంది.”

“కాగితం పోలేదు సార్. అసలు లేదు.”

“నీకు మతి పోయిందా?”

“నేనే తీశానండీ.” పెద్దాయన గొంతు సన్నగా వచ్చింది. అందరూ ఆయన వైపు తిరిగారు. “అది జిరాక్సు. అసలు కాగితం ఎప్పుడో అమ్మేసుకున్నాను. మా బావమరిదికి ఏ సంబంధం లేదు.”

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, గేటు బయట కెమెరాల్ని చూశాడు. మొహం కందగడ్డలా అయింది. అందర్నీ గబగబా లోపలికి తోసి తలుపు వేయించాడు. నేను అద్దం చూపించి, గీకి పొడి రాల్చి, సాసర్లో మేకుల సంగతి చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“వెనక గేటు నుంచి పంపించేస్తాను” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“ముందు గేటు నుంచి తెచ్చారుగా. ముందు గేటు నుంచే పంపండి. తప్పు మాదేనని వాళ్ళకి మీరే చెప్పండి.”

ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

పెద్దాయన బావమరిది ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేకపోతున్నాడు. “ఒరేయ్… నీకంటే ముందే అమ్మేశానురా. నీకొచ్చినంత కూడా రాలేదు నాకు.”

“తెలుసు బావా.”

అక్క చటుక్కున తమ్ముడి వైపు తిరిగింది.

“నువ్వు అమ్మిన వారానికే తెలుసు. ఆ బ్రోకరు దగ్గర గుమస్తా చెప్పాడు. లెక్కలు చూసే బావే వదిలించుకున్నాడంటే కంపెనీ మునిగిపోతోందనుకున్నాను. నిన్ను చూసే నేనూ అమ్మాను.”

అక్క అతని చొక్కా పట్టుకుంది. “మరి ఇన్నేళ్ళూ అన్ని మాటలు పడుతూ ఎందుకు ఊరుకున్నావురా?”

“బావ నీ ముందు తల దించుకుంటే చూడలేననిపించింది అక్కా.” ఆ మాట అని తనే తల దించుకున్నాడు.

ఆవిడ చొక్కా వదిలేసి మొగుడి వైపు తిరిగింది. కోపం కాదు, ఆవిడ మొహం నిండా సిగ్గే. “మా నాన్న పోయేముందు ఎలక్ట్రికల్ షాపు మీ పేర రాశారు. కన్న కొడుకుని కాదని! వీడి చేతిలో పెడితే ఇంకో స్కూటర్ కొంటాడు, అల్లుడే ఆస్తి నిలబెట్టేవాడు అన్నారు. మీరు పక్కనే ఉన్నారు. మీ చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. అప్పుడు కూడా నోరు రాలేదా మీకు?”

పెద్దాయన మెడ దగ్గర గుండీ తడుముకున్నాడు.

“ఆ షాపు అద్దెతోనే మనం తిన్నాం. వీడేమో గ్రీజు చేతులతో ఊరంతా తిరిగాడు. ఇవాళే, ఈ పూటే ఆ షాపు వాడి పేర రాసిచ్చెయ్యండి.”

“రాసిస్తారు పెద్దమ్మా, సాక్షి సంతకం నేను పెడతాను” అన్నాడు ఇన్‌స్పెక్టర్. పోయిన మర్యాదలో కొంతైనా తిరిగొస్తుందని కాబోలు.

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు తల తిప్పేసుకున్నాడు. అప్పటిదాకా చేతుల్లో ఆడించిన రెండు ఫోన్లూ జేబుల్లో కుక్కుకున్నాడు.

“కుదరదమ్మా” అన్నాడు. “షాపు తాకట్టులో ఉంది. మొన్నే. బంగళాకి అడ్వాన్సు ఇచ్చాను. షేర్లు అమ్మగానే విడిపిద్దామని…”

“ఎవర్నడిగి పెట్టావురా?”

“నాన్నే సంతకం పెట్టారు.”

ఆవిడ మొగుణ్ణి చూసింది. ఆ ఇంట్లో షేర్లు లేవని తెలిసిన మనిషి ఒక్కడే, ఆ మనిషే సంతకం పెట్టాడు. ఆ కాగితం మీద చెయ్యి ఆడించేటప్పుడు, లేవురా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాట చెప్పలేక బావమరిదికి దక్కాల్సిన షాపుని తాకట్టు పెట్టేశాడు. అద్దం మీద అక్షరాలు పట్టుకున్నది నా తెలివే అనుకుంటూ వచ్చాను. ఇది నా ఊహకి కూడా అందలేదు.

పెద్దాయన అక్కడే, స్టేషన్ గచ్చు మీద, గోడకి చేరగిలబడి కూలబడ్డాడు. ఎవరూ పట్టుకోవడానికి వెళ్ళలేదు. చివరికి స్కూటర్ మామయ్యే వెళ్ళి కూజాలో నీళ్ళు గ్లాసులో పోసి ఆయన చేతికిచ్చాడు. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

స్కూటర్ మామయ్య ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వచ్చాడు.

“సార్, నా స్క్రూడ్రైవర్ ఇప్పిస్తారా? సాయంత్రం రెండిళ్ళకి వస్తానని చెప్పాను.”

ఇన్‌స్పెక్టర్ సొరుగు లాగి, సాక్ష్యం అని చీటీ అంటించిన కవరు చింపి, దాన్ని తీసి ఇచ్చాడు. అతను పిడి తుడుచుకుని చిల్లుపడ్డ జేబులో గుచ్చుకున్నాడు. ముందు తలుపు వైపు నడిచాడు. అక్క అతని వెంటే వెళ్ళింది.